కనపడకుండా దాచే డబ్బాల తరఫున

ఈమధ్య ఎవరింటికి వెళ్లినా వంటింట్లో ఒకటే వరస. ఒకే కొలతలో, ఒకే ఆకారంలో గాజు సీసాలు బారులు తీరి ఉంటాయి. కందిపప్పు, పెసరపప్పు, పసుపు, కారం, టీ పొడి అన్నీ బయటికి కనబడుతుంటాయి. ప్రతి సీసా మీదా ఇంగ్లీషులో అచ్చువేసిన బుల్లి చీటీ. కిటికీలోంచి ఎండ పడితే పసుపు మెరుస్తుంది, కారం ఇంకాస్త ఎర్రబడుతుంది, ఫోటో బ్రహ్మాండంగా వస్తుంది. వంటిల్లు ఎలా సర్దుకోవాలో నేర్పే వీడియోలు కూడా ఇదే పాట పాడుతున్నాయి. ఈ పద్ధతి నాకు మొదటినుంచీ మింగుడుపడలేదు. డబ్బా కొనేది సరుకు దాచడానికి. చూపించడానికైతే కొట్టువాడికి కావాలి, ఇంటివాళ్లకు ఎందుకు?

ఈ మాట మా ఇంట్లో అన్నప్పుడల్లా నన్ను పాతకాలం మనిషి కింద జమకట్టేస్తారు. సరే, జమకట్టనివ్వండి. నా వాదనకు సాక్ష్యంగా నేను తెచ్చేది మా తాతల ఇత్తడి డబ్బాను కాదు, జపాన్ టీ డబ్బాను. రేకు డబ్బా చుట్టూ రంగురంగుల పూల కాగితం అంటించి ఉంటుంది చూడండి, అది. టోక్యోలో నిషి-కసాయ్ వైపు మనవాళ్లు చాలామంది ఉంటారు. అక్కడ ఉద్యోగం చేసే మా చిన్నాన్న కొడుకు సెలవుకు వచ్చినప్పుడల్లా చుట్టాలకు ఇవే పంచుతాడు. తీసుకున్నవాళ్లలో చాలామంది వాటిని హాల్లో షోకేసులో పెట్టేస్తారు, కొండపల్లి బొమ్మ పక్కన. "ఇంత అందమైనదాన్ని వంటింట్లో పెడతారా ఎవరైనా, జిడ్డు పట్టదూ?" అంటారు. నాకు సరిగ్గా అక్కడే పేచీ. అది షోకేసు సరుకు కాదు, వంటింటి సామాను. పైన కాగితం ఉంది కాబట్టి ఉత్త అలంకారం అనుకోవడం దాని పనితనం చూడకుండా ఇచ్చిన తీర్పు.

ముందు దాన్ని చేతిలోకి తీసుకుని చూద్దాం. లోపల ఉన్నది తగరం పూత పూసిన ఉక్కు రేకు. గుండ్రటి గొట్టం, దానికి అడుగు. పైన రెండు మూతలు. పై మూత తీస్తే లోపల ఇంకో పల్చటి మూత ఉంటుంది. దాని మధ్యలో పట్టుకుని లాగడానికి చిన్న బొడిపె. ఆ లోపలి మూత గొట్టం అంచుకు ఎంత బిగువుగా కూర్చుంటుందంటే లాగేటప్పుడు వేలికి గాలి పట్టు తెలుస్తుంది. పై మూతను ఊరికే అంచు మీద పెట్టి వదిలితే మంచి డబ్బాలో తన బరువుకు తనే మెల్లగా జారి దిగుతుంది. ఇంతా అయ్యాక, బయటివైపు మాత్రమే కాగితం. టీ ఆకుకు కాగితం తగలదు, తడి చేతికి రేకు తగలదు. చేయి తిరిగిన పనివాళ్లు చేసినదైతే మూత మీది పువ్వు సగం, డబ్బా మీది పువ్వు సగం కలిసేలా కాగితం కోస్తారు. మూత పెట్టాక కాస్త తిప్పి రెండు సగాలు కలపాలనిపిస్తుంది. కలిపితే మూత పూర్తిగా దిగినట్టే. ఎవరో కావాలని పెట్టిన ఉపాయమో కాదో గాని, మూత సరిగ్గా పెట్టని మనుషులున్న మా ఇంట్లో ఇది బాగా పనికొచ్చింది.

ఈ ఏర్పాటంతా టీ కోసమే పుట్టింది. మనం తాగే టీ పొడి వేరు, వాళ్ల సెన్చా వేరు. మన టీ ఆకును నలిపి, గాలికి పులియనిచ్చి, నల్లబడ్డాక ఆరబెడతారు. సెన్చాకు ఆకు కోయగానే ఆవిరి పట్టించి ఆ మార్పును అక్కడే ఆపేస్తారు. అందుకే అది ఆకుపచ్చగా ఉంటుంది. ఆ పచ్చదనానికి వెలుతురు, తేమ, గాలి మూడూ శత్రువులే. వెలుతురుకు ఆకులోని పత్రహరితం చెడి రంగు పాలిపోతుంది, వాసన కూడా మారుతుంది. తయారైన ఆకులో తేమ 5 శాతం లోపే ఉంటుంది కాబట్టి మూత తీసి ఉంచితే చుట్టుపక్కల తేమనంతా పీల్చుకుంటుంది. తేమతోపాటు వాసనలు కూడా. ఇంగువ డబ్బా పక్కన మూత సరిగ్గా లేని టీ డబ్బా పెట్టి చూడండి, వేరే రుజువు అక్కర్లేదు. అలాంటి సరుకును గాజు సీసాలో పోసి కిటికీ పక్కన అరలో పెట్టడం అంటే రోజుకు కాస్త చొప్పున పారబోయడమే.

టీ ఒక్కటే కాదు. పసుపుకు ఆ రంగునిచ్చే కర్క్యుమిన్ వెలుతురుకు విరిగిపోతుంది. ఎండుమిరప ఎరుపు కెరోటినాయిడ్లది. వెలుతురూ గాలీ తగిలేకొద్దీ అదీ వెలిసిపోతుంది. గాజు సీసాలో సంక్రాంతికి పోసిన కారం వానాకాలానికల్లా ఇటుకపొడి రంగుకు వస్తే సరుకు కల్తీ అని కొట్టువాణ్ని తిట్టుకుంటాం. ఆ సీసాను ఎక్కడ పెట్టామో ఆలోచించం. ఆవకాయను మనవాళ్లు జాడీలో పెట్టారు, జాడీ నోటికి గుడ్డ కట్టారు, దాన్ని తీసుకెళ్లి చీకటి గదిలో మూల పెట్టారు. పోపుల పెట్టె మూత కూడా మొన్నమొన్నటిదాకా రేకుదే. ఈమధ్యే దానికి గాజు కిటికీ పెట్టడం మొదలుపెట్టారు, ఆవాలు ఎక్కడికి పారిపోతాయో మరి.

అయితే చీకటి కావాలంటే మామూలు స్టీలు డబ్బా చాలదా, దానికి జపాన్ కాగితం దేనికి? న్యాయమైన ప్రశ్న. జవాబు చెప్పాలంటే కాగితానికీ టీకీ ఉన్న పాత చుట్టరికం కాస్త విప్పాలి.

1738లో క్యోటోకు దగ్గరున్న ఉజీ ప్రాంతంలో నాగతాని సోఎన్ అనే రైతు, ఆవిరి పట్టిన ఆకును వేడి మీద చేత్తో నలుపుతూ ఆరబెట్టే పద్ధతిని కుదుర్చుకున్నాడు. దాన్ని ఎడోకు, అంటే ఇప్పటి టోక్యోకు, పట్టుకెళితే నిహోన్‌బాషిలో యమమొతోయమ అనే టీ కొట్టు వాళ్లు కొని అమ్మిపెట్టారు. ఆ కొట్టు ఇప్పటికీ నడుస్తోంది. ఇక్కడ నాకు కావలసింది ఆ నలిపే బల్ల. దాని పేరు హోయిరో. కింద నిప్పులు, పైన చెక్క చట్రం, ఆ చట్రానికి బిగించి అంటించినది దళసరి చేతికాగితం. తడి ఆకును గంటలతరబడి ఆ కాగితం మీదే రుద్దుతారు, దొర్లిస్తారు, సూదుల్లా అయ్యేదాకా. నిప్పు మీద కాగితం, కాగితం మీద తడి ఆకు! కాగితం అంటే తడికి చిరిగేది, మంటకు కాలేది అని అనుకునే మనకు ఇది నమ్మబుద్ధి కాదు. చేత్తో నలిపే పని తెలిసినవాళ్లు ఇప్పటికీ ఆ బల్ల మీదే చేస్తారు.

దానికంటే ముందు, తేనీటి గోష్ఠుల కోసం వాడే ఆకు సంగతి. కొత్త ఆకును కాగితం సంచుల్లో కట్టి, మట్టి జాడీలో పెట్టి, చుట్టూ విడి ఆకు నింపి, జాడీ నోటిని కాగితంతో మూసి ముద్ర వేసేవారు. వేసవంతా చల్లటి చోట ఉంచి నవంబరులో ఆ కాగితాన్ని కోసి తెరిచేవారు. ఆ కోత ఒక వేడుక. టీ గురుకులాల్లో ఈ రోజుకీ ఆ వేడుక జరుగుతుంది. జపాన్‌ను ఏలిన సేనానులు తొకుగావ షోగన్ల కాలంలో ఈ జాడీలు ఉజీ నుంచి ఎడోకు ఊరేగింపుగా వెళ్లేవి. దారిలో ఎదురైతే పెద్ద పెద్ద జమీందారులు కూడా పక్కకు తప్పుకోవలసిందే. టీ జాడీకి దారి ఇవ్వడమంటే మనకు నవ్వొస్తుంది గాని, దారి ఇచ్చింది షోగన్ పేరుకు.

1859లో యొకొహామా రేవు విదేశీ వ్యాపారానికి తెరుచుకున్నాక టీ ఓడలెక్కింది. పట్టు తర్వాత ఎగుమతుల్లో పెద్దపీట దానిదే, ఎక్కువ సరుకు అమెరికాకు వెళ్లేది. జపాన్ దేవదారు అని పిలిచే సుగి చెక్కతో పెట్టెలు చేసేవారు, లోపల లోహపు రేకు పరిచేవారు, చెక్కల కీళ్ల మీద కాగితం పట్టీలు అంటించేవారు. ఇక పెట్టె మీద అంటించే చీటీ ఉంది చూశారూ, దాన్ని రంజి అంటారు. చెక్క దిమ్మెలతో రంగురంగుల్లో అచ్చువేసిన పూలు, పక్షులు, వాటి మధ్య ఇంగ్లీషు అక్షరాలు. ఉకియొ-ఎ అనే చెక్క అచ్చు బొమ్మలు చెక్కిన చేతులకు ఆ రోజుల్లో కొత్త గిరాకీ ఇది. ఇప్పుడు వాటిని మ్యూజియంలు దాచిపెడుతున్నాయి, అప్పుడు అవి పెట్టెలో ఏముందో చెప్పే చీటీలు. అలంకారం వేరు, ఉపయోగం వేరు అని గీత గీసేవాళ్లు రంజిని ఏ గడిలో వేస్తారో నాకు చెప్పాలి. ఆ చెక్క పెట్టెలను షిజుఓకా ప్రాంతంలో ఇంకా కొద్దిమంది చేస్తున్నారు. టీకి మాత్రమే కాదు, బియ్యం, ఎండు నూడుల్స్, సముద్రపు నాచు, పట్టు కిమోనోలు దాచుకోవడానికి కొంటారు. జూన్, జులై నెలల్లో వాళ్లకు ముసురు పడుతుంది, ఇళ్లంతా చెమ్మ. ఆ చెమ్మను గెలిచిన పెట్టె అది.

రేకు డబ్బా మాటకొస్తే, ఇంగ్లండు నుంచి తగరం పూత రేకు దిగుమతి కావడం మొదలయ్యాక 1875లో క్యోటోలో కైకాదో అనే దుకాణం టీ డబ్బాలు చేయడం మొదలుపెట్టింది. ఇప్పటికీ ఆ కుటుంబమే చేస్తోంది. వాళ్లవి రాగి, ఇత్తడి, తగరం రేకులు, కాగితం ఉండదు. వాడేకొద్దీ లోహం రంగు తేరుతుంది, ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. అందరూ కొనగలిగినది మామూలు రేకు డబ్బా. మామూలు రేకు చూడటానికి బాగుండదు, గీతపడితే తుప్పు పడుతుంది. దానికి కాగితం చుట్టారు. ఇన్ని వందల ఏళ్లుగా టీని మోసి, మూసి, ముద్ర వేసి, పేరు చెప్పిన కాగితం చివరికి రేకు డబ్బా మీదకు వచ్చి కూర్చుంది. ఎక్కడినుంచో ఊడిపడ్డ అలంకారం కాదు. టీ ఉన్నచోటల్లా అది ఉంటూనే వచ్చింది.

ఆ కాగితం కూడా మన నోటుపుస్తకం కాగితం లాంటిది కాదు. మల్బరీ కుటుంబానికే చెందిన కోజో అనే పొద బెరడు నారతో చేస్తారు. చెక్క గుజ్జు నార ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లుంటే కోజో నార ఇంచుమించు సెంటీమీటరు ఉంటుంది. పొడవు నార ఒకదాన్నొకటి పెనవేసుకుంటుంది కాబట్టి పల్చగా ఉన్నా చిరగదు. డబ్బా అంచు దగ్గర మడత పెట్టినా విరగదు. నీళ్లలో ఆ నార ముద్దకట్టకుండా తేలడానికి తొరొరొ-అఒయి అనే మొక్క వేరు నుంచి జిగురు తీసి కలుపుతారు. ఆ మొక్క మన బెండకు దగ్గరి చుట్టం. బెండకాయ కోసినప్పుడు చేతికంటే జిగురును తలుచుకుంటే సంగతి అర్థమవుతుంది. వేడికి ఆ జిగురు పలచబడిపోతుంది కాబట్టి మంచి కాగితం చలికాలంలో, గడ్డకట్టే నీళ్లలో చేతులు ముంచి చేస్తారు. మినో ప్రాంతపు కాగితం మీద 702లో రాసిన జనాభా చిట్టాలు నారా నగరంలోని షోసోయిన్ భాండాగారంలో ఇప్పటికీ ఉన్నాయి. హొన్-మినోషి, సెకిషు-బాన్షి, హొసొకావ-షి అనే మూడు రకాల చేతికాగితం పనిని 2014లో యునెస్కో తన జాబితాలో చేర్చింది.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. మనవాళ్లు సూట్‌కేసుల్లో తెచ్చే టీ డబ్బాల మీద ఉన్నది తరచు యంత్రం మీద తీసిన కాగితమే. దాని మీద బొమ్మ వేసే పద్ధతి మాత్రం క్యోటోది. పదిహేడో శతాబ్దం చివర మియజాకి యూజెన్ అనే విసనకర్రల చిత్రకారుడి పేరుమీద ప్రసిద్ధి కెక్కిన కిమోనో అద్దకం ఉంది. ఆ పూలనూ ఆ రంగులనూ తర్వాత కాగితం మీదకు తెచ్చారు. ఒక్కో రంగుకు ఒక్కో తెర పెట్టి ఒకదాని మీద ఒకటి అద్దుతారు, చివరగా బంగారు గీత. వేలితో తడిమితే రంగు కాస్త ఎత్తుగా తగులుతుంది. మామూలు అచ్చు కాగితానికి ఆ ఎత్తు ఉండదు, తేడా పట్టుకోవడానికి అంతకంటే తేలిక దారి లేదు. ఎడో వైపు ఇంకో సంప్రదాయం చియొగామి. చెక్క దిమ్మెలతో అచ్చువేసిన చిన్న చిన్న నమూనాలు. 1864లో మొదలై, ఇప్పుడు టోక్యో యనకా పేటలో ఉన్న ఇసెతత్సు అనే కొట్టు దానికి పేరుపడింది.

ఆ నమూనాలే నా వాదనకు అసలు బలం. అలల మీద అలలు పేర్చినట్టుండేది సెయిగైహా. ఆరు కోణాల ఆకులు అల్లుకున్నది అసనోహ, అంటే హెంప్ అనే గంజాయి జాతి నార మొక్క ఆకు. ఆ మొక్క తిన్నగా, త్వరగా ఎదుగుతుందని పసిపిల్లల బట్టల మీద ఆ నమూనా వేస్తారు. చదరంగం గళ్లు ఇచిమత్సు. పద్ధెనిమిదో శతాబ్దంలో సానొగావ ఇచిమత్సు అనే కబుకి నటుడు ఆ గళ్ల బట్ట కట్టి రంగస్థలమెక్కితే ఊరంతా అదే కట్టింది. టోక్యో 2020 ఒలింపిక్స్ చిహ్నం కూడా ఆ గళ్లదే. తాబేలు డిప్ప, బాణం ఈకలు, కొంగలు, ఉమె అనే ప్లమ్ జాతి చెట్టు పువ్వు... ఒక్కో డబ్బాది ఒక్కో ముఖం. వంటింట్లో ఇవి వరసగా ఉంటే చీటీ చదవక్కర్లేదు. అలల డబ్బాలో గ్రీన్ టీ, గళ్ల డబ్బాలో యాలకులు, కొంగల డబ్బాలో జీడిపప్పు. మా ఇంట్లో చదువురాని పనిమనిషి కూడా వారంలో ఏది ఎక్కడుందో తడుముకోకుండా తీస్తుంది. గాజు సీసా మీద ఇంగ్లీషు చీటీ ఆమెకు ఏం చెబుతుంది? పాత రోజుల్లో ఇంటినిండా ఒకే రకం పసుపుపచ్చ డాల్డా డబ్బాలుండేవి. బెల్లం కోసం మూడు మూతలు తీస్తే గాని దొరికేది కాదు. మూత తీసిన ప్రతిసారీ లోపలికి తేమ. ఒకే మాదిరి సీసాల సెట్టు కొని మనం ఇప్పుడు మళ్లీ ఆ డాల్డా కాలానికే వెళుతున్నాం, కాకపోతే లోపల ఏముందో కనబడుతుంది, అంతే.

అందుకే కాగితం డబ్బాలు కొనేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట, సెట్టు కొనకండి. ఆన్‌లైన్లో ఒకే పువ్వు, చిన్నా పెద్దా సైజుల్లో సెట్టుగా అమ్ముతారు. ఫోటోకు బాగుంటుంది. వంటకు పనికిరాదు. జపాన్ ఇళ్లలో ఈ డబ్బాలు అలా సెట్టుగా రావు. జులైలో ఒచూగెన్, డిసెంబరులో ఒసెయిబొ అని రెండుసార్లు కానుకలు ఇచ్చిపుచ్చుకునే ఆచారం ఉంది. టీ, నాచు డబ్బాల్లో పెట్టి ఇస్తారు. ఇంట్లో ఎవరైనా పోతే పరామర్శకు వచ్చినవాళ్లకు తిరిగి ఇచ్చే వస్తువుల్లో కూడా టీ ఉంటుంది. సరుకు అయిపోతుంది, డబ్బా మిగులుతుంది. అలా ఏళ్ల తరబడి ఒక్కొక్కటీ చేరి, దేనికదే వేరుగా ఉంటాయి. ఫలానాది ఫలానావాళ్లు ఇచ్చారని గుర్తుంటుంది కూడా.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. మన వంటింట్లో, పోపు చిటపటలాడే చోట, కాగితం ఎన్నాళ్లుంటుంది? నేనుండేది విశాఖపట్నంలో. ఇక్కడ ఉప్పుగాలికి కిటికీ ఊచలే తుప్పుపడతాయి, అప్పడాలు పొయ్యి దాకా వెళ్లేలోపు మెత్తబడతాయి. కాబట్టి సముదాయించి చెప్పను. పొయ్యికి చేయి చాచినంత దూరంలో ఈ డబ్బా పెడితే నూనె ఆవిరి కాగితంలోకి దిగుతుంది, దిగినది మళ్లీ రాదు. తడిగుడ్డతో తుడవకూడదు, పొడిగుడ్డ చాలు. సింకు పక్కన అసలొద్దు. ఉప్పు, చింతపండు వీటిలో పోయకూడదు, రేకును తినేస్తాయి. ఇవి తలుపున్న అలమరలో, పొయ్యికి దూరంగా ఉండాలి. ఇది లోపమా? కాదంటాను. టీ, ఏలకులు, కుంకుమపువ్వు, జీడిపప్పు ఏవీ పొయ్యి పక్కన ఉండాల్సినవి కావు. స్టీలు డబ్బా ఎక్కడ పెట్టినా ఊరుకుంటుంది కాబట్టి మనం వాటిని వేడి పక్కన పెట్టేస్తాం. కాగితం ఊరుకోదు. దానికి నచ్చని చోటు సరుకుకూ నచ్చదు.

ఇంకో భయం పురుగులది. ఇది నిజమైన భయమే. పిండితో కాచిన జిగురంటే బొద్దింకకూ, సిల్వర్ ఫిష్‌కూ విందు. జపాన్‌లో దీనికి పాత మందు కకిషిబు. పచ్చి పెర్సిమన్ కాయలు దంచి, రసం పులియబెట్టి, ఏడాదికి పైగా నిలవ ఉంచుతారు. ఆ వగరు రసం కాగితానికి పట్టిస్తే ఎర్రమట్టి రంగు తేలి నీటిని తట్టుకుంటుంది, పురుగు దగ్గరికి రాదు. ఆ చెట్టు మన తునికాకు చెట్టుకు స్వయానా సోదరజాతి, తునికి పండు పచ్చిగా కొరికినవాళ్లకు ఆ వగరు ఎలాంటిదో చెప్పక్కర్లేదు. ఆ రసంతో చేసే పనుల్లో ఒకటి ఇక్కన్‌బరి. వెదురు బుట్ట మీదో చెక్క అచ్చు మీదో కాగితం పొరలు పొరలుగా అంటించి పైన కకిషిబు గానీ లక్క గానీ పూస్తారు. పదిహేడో శతాబ్దంలో చైనా నుంచి వచ్చి క్యోటోలో స్థిరపడ్డ హికి ఇక్కన్ పేరుమీద అది నిలిచింది. ఆయన వంశం ఇప్పటికీ సెన్ వంశపు టీ గురుకులాలకు సామాను చేసిచ్చే పది కుటుంబాల్లో ఒకటి.

ఈ బుట్టను మొదటిసారి చూసినప్పుడు నాకు మా అమ్మమ్మ చేటలు గుర్తొచ్చాయి. పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, ఆ ముద్దను వెదురు చేటకు పట్టించేవారు. సందులు మూసుకుపోయి పిండి కారదు, మెంతుల చేదుకు పురుగు రాదు. అదే ముద్దను బోర్లించిన కుండ మీద మందంగా మెత్తి, ఎండాక ఊడదీస్తే కాగితం బుట్ట. ముగ్గు పెట్టి, రంగు వేసి, వడియాలు పోసుకునేవారు. కాగితం వంటింట్లో నిలవదనే మాట చెప్పేముందు మన ఇళ్ల అటకల మీద ఒకసారి వెతకండి. ప్లాస్టిక్ వచ్చాక మనం వదిలేశాం, వాళ్లు వదల్లేదు. అంతకుమించి అందులో జపాన్ గొప్పతనం, మన చిన్నతనం ఏమీ లేవు. వాళ్ల టీ కంపెనీలు కూడా ఇప్పుడు ఎక్కువ సరుకును జిప్ సంచుల్లోనే అమ్ముతున్నాయి.

ధర ఎక్కువనే వాళ్లకు: జపాన్ వెళ్లక్కర్లేదు, కొననే అక్కర్లేదు. పాలపొడి డబ్బా ఒకటి శుభ్రం చేసి, బాగా ఎండబెట్టి, ఏ చేతికాగితమైనా తెచ్చి చుట్టుకోండి. మైదా జిగురు మాత్రం వద్దు. సినిమా పోస్టర్లకు, పుస్తకాల బైండింగుకు కాచే జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు, అది విషం, వంటింట్లోకి రానివ్వకూడదు. తెల్ల జిగురునే కాస్త నీళ్లతో పలచన చేసి వాడితే చాలు. నార కాగితం తడికి సాగుతుంది. జిగురు రాసిన వెంటనే చుట్టేస్తే డబ్బా మీద సాగి ముడతలు వస్తాయి. ఒక నిమిషం ఆగి, సాగనిచ్చి, అప్పుడు మధ్యనుంచి అంచులకు చేత్తో నిమురుతూ అంటించాలి. ఆరేటప్పుడు తనే బిగుసుకుంటుంది. మూత కింద వచ్చే అంచు దాకా కాగితం తీసుకెళ్లొద్దు. అక్కడ మందం పెరిగితే మూత పట్టదు, బలవంతంగా తోస్తే కాగితం లేస్తుంది. అసలు డబ్బాకు ఉండే రెండో మూత మన డబ్బాకు ఉండదు కాబట్టి టీని ముందు ఒక సంచిలో మడిచి పెట్టి ఆ సంచిని డబ్బాలో పెట్టండి. ఫ్రిజ్‌లో పెడదామనుకుంటే మాత్రం తీసిన వెంటనే మూత తెరవొద్దు. బయటి వేడికి వచ్చేదాకా ఆగకపోతే చల్లటి ఆకు మీద చెమ్మ దిగుతుంది.

ఇన్ని విన్నాక కూడా మా వదిన ఒప్పుకోలేదు. ఆవిడ వంటింట్లో గాజు సీసాలే రాజ్యమేలుతున్నాయి. "ఎంత మిగిలిందో కనబడకపోతే సరుకుల చీటీ ఎలా రాస్తావు?" అంటుంది. డబ్బా చేత్తో ఎత్తితే తెలుస్తుంది వదినా, అన్నాను. తేలిగ్గా ఉంటే అయిపోవచ్చినట్టు. "మరి పురుగు పట్టిందో లేదో ఎత్తితే తెలుస్తుందా?" అంది. దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. పప్పుల్లో, రవ్వలో పురుగు సీసా గోడ మీద పాకుతుంటే ముందురోజే కనబడుతుంది, రేకు డబ్బాలో కనబడేసరికి నెల దాటిపోతుంది. వెలుతురుకు పెద్దగా చెడనివి, పురుగుకు చెడేవి గాజులో ఉండటమే మంచిది. కాబట్టి కందిపప్పు, పెసరపప్పు, రవ్వ ఆవిడవి. టీ, పసుపు, కారం, యాలకులు నావి. బెల్లం సంగతి ఇంకా తేలలేదు.